ప్రభుత్వ సంస్థ తరఫున కార్మిక సంఘాలతో చర్చలకు కూర్చునేవారికి ఒక ప్రశ్న

ప్రశ్న (పర్సనల్ విభాగం అధికారిణి)

నేను ఒక రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థలో పర్సనల్ విభాగంలో చేరి నాలుగేళ్లయింది. ఇంతకాలం హాజరు పట్టీలు, పదోన్నతుల జాబితాలు, కారుణ్య నియామకాల ఫైళ్లు చూశాను. గత నెలలో నన్ను పారిశ్రామిక సంబంధాల విభాగానికి మార్చి, వేతన సవరణ చర్చలు జరిపే యాజమాన్య బృందంలో సభ్యురాలిగా నియమించారు. గుర్తింపు సంఘం, అంటే కార్మికుల తరఫున చర్చలు జరిపే హక్కున్న సంఘం, ఇచ్చిన కోర్కెల పత్రంలో ముప్పైకి పైగా అంశాలున్నాయి. వాటిలో సగానికి పైగా డబ్బుతో ముడిపడినవే.

నా సందేహం చట్టం గురించి కాదు, అది చదువుకుంటే వస్తుంది. ప్రైవేటు కంపెనీలో అయితే ఇచ్చే అధికారం యజమానికే ఉంటుంది. మా దగ్గర మేం ఏది ఒప్పుకున్నా బోర్డు ఆమోదించాలి, ఆ తరువాత ఆర్థిక శాఖ అంగీకరించాలి, చివరికి ప్రభుత్వ స్థాయిలో నిర్ణయం కావాలి. సంఘం నాయకులు నా ముఖం చూసి "ఇస్తారా, ఇవ్వరా?" అని అడిగినప్పుడు ఇవ్వగలిగే స్థితిలో లేని నేను నిజాయితీగా ఏం చెప్పగలను?

రెండో విషయం నా సొంతం. మా నాన్న సింగరేణిలో తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు ఎత్తిన కోల్ ఫిల్లర్. సంఘం జెండా మోసిన మనిషి. ఈ కొత్త పని సంగతి చెప్పగానే కాసేపు ఏమీ మాట్లాడకుండా, "అయితే నువ్వు ఆ పక్కన కూర్చుంటావన్నమాట" అన్నారు. అందులో కోపం లేదు, కానీ ఆ మాట నన్ను వదలడం లేదు. ఈ పని చేసినవారు, ఎదుటి వైపు కూర్చున్నవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (పదవీ విరమణ చేసిన పర్సనల్ మేనేజరు)

అమ్మా, మీ మొదటి ప్రశ్నలోనే ఈ ఉద్యోగం మొత్తం ఉంది. ప్రభుత్వ సంస్థలో సంఘంతో జరిగే చర్చ రెండో చర్చ మాత్రమే. మొదటి చర్చ మన ఇంట్లోనే, అంటే మన ఫైనాన్స్ విభాగంతో, డైరెక్టర్లతో, సచివాలయంతో జరగాలి. అది పూర్తికాకుండా మీరు సమావేశంలో కూర్చుంటే, అక్కడ మీరు మాట్లాడే ప్రతి మాట అప్పు చేసి పెట్టిన ఖర్చు లాంటిదే అవుతుంది. అందువల్ల మొదటి సమావేశానికి ముందే యాజమాన్యం దగ్గర ఒక కాగితం అడగండి. ఏ అంశంపై ఎంతవరకు ఒప్పుకునే అధికారం బృందానికి ఉంది, ఏ అంశాన్ని పైకి పంపాలి, ఏ అంశం బృందం పరిధిలో లేనే లేదు అన్నవి అందులో రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితం ఇవ్వడానికి పైవారు వెనకాడితే, వారికే ఇంకా స్పష్టత రాలేదని అర్థం. అటువంటప్పుడు చర్చల తేదీ వాయిదా వేయించడమే మంచిది.

ఇక లెక్కలు. మూలవేతనంలో వెయ్యి రూపాయలు పెంచితే భారం వెయ్యితో ఆగదు. కరువు భత్యం దానిమీదే లెక్కకు వస్తుంది, ఇంటి అద్దె భత్యం శాతంగా ఉంటే అదీ పెరుగుతుంది, యాజమాన్యం కట్టే 12 శాతం పీఎఫ్ పెరుగుతుంది, గ్రాట్యుటీని ఒక్కో సర్వీసు సంవత్సరానికి చివరి వేతనంలో 15 రోజుల చొప్పున లెక్కగడతారు కాబట్టి పాత సర్వీసు మొత్తానికి బాధ్యత ఒకేసారి పెరుగుతుంది. అదే వెయ్యి రూపాయలు స్థిరమైన భత్యంగా ఇస్తే లెక్క మరో విధంగా ఉంటుంది. ఈ తేడా సంఘం నాయకులకు మనకంటే బాగా తెలుసు. మీ వైపున ఈ లెక్క మీ చేతిరాతతో మీరే వేసుకోవాలి. ఫైనాన్స్ వారు ఇచ్చిన ఒక్క అంకె పట్టుకొని కూర్చుంటే, మొదటి ఎదురు ప్రశ్నకే ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పలేక ఆగిపోతారు.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఒక వేతన ఒప్పందం చివరి రాత్రి, విరామంలో బయట టీ తాగుతుండగా సంఘం కార్యదర్శి నన్ను బకాయిల గురించి అడిగాడు. ఒకే విడతలో ఇచ్చేలా చూస్తానని అన్నాను. ఆ మాట అనే అధికారం నాకు లేదు. అతను నన్ను నమ్మి మర్నాడు గేటు మీటింగులో ఆ మాట చెప్పేశాడు. ఆర్థిక శాఖ నాలుగు విడతలు అంది. తరువాతి ఎన్నికలో అతను ఓడిపోయాడు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు, కానీ ఆ తరువాత వచ్చిన ఏ కార్యదర్శీ నేను కాగితం మీద పెట్టని మాటను లెక్కలోకి తీసుకోలేదు. నా మాట మళ్లీ చెల్లడానికి ఆరేడేళ్లు పట్టింది.

సంతకాలు పూర్తయినా పని అయిపోదని చెప్పడానికి బొగ్గు పరిశ్రమనే చూడండి. సింగరేణికి కూడా వర్తించే 11వ జాతీయ బొగ్గు వేతన ఒప్పందం 2023 మేలో కుదిరింది. 2021 జులై 1 నుంచి అయిదేళ్లకు 19 శాతం కనీస హామీ ప్రయోజనం, అంటే ఎవరికైనా తప్పక దక్కే వేతన పెంపు, అందులో ఉంది. దానివల్ల తమ కింద పనిచేసే కార్మికుల జీతం తమ జీతాన్ని మించిపోతోందని కొందరు అధికారులు మధ్యప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల శాఖ 2017 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలకు ఆ ఒప్పందం విరుద్ధమని వారి వాదన. సింగిల్ జడ్జి బొగ్గు మంత్రిత్వ శాఖ ఇచ్చిన ఆమోదాన్ని కొట్టివేశారు, అప్పీలులో డివిజన్ బెంచి ఆ తీర్పును నిలిపివేసింది. ఆ కొన్ని వారాలు లక్షలాది ఇళ్లలో పెరిగిన జీతం ఉంటుందో పోతుందో తెలియని స్థితి. కాబట్టి అధికారం ఎవరిదన్న ప్రశ్న సంతకానికి ముందే తేలాలి.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. "ఇస్తారా?" అని అడిగితే, "ఈ అంశంపై ఒప్పుకునే అధికారం ఈ బృందానికి ఉంది" అనో, "లేదు, పైకి సిఫారసు చేస్తాం, ఫలానా తేదీకల్లా జవాబు తెస్తాం" అనో చెప్పండి. చెప్పిన తేదీన జవాబుతో వెళ్లండి. ఆ జవాబు "కుదరదు" అయినా సరే, ఆ రోజున వెళ్లండి.

జవాబు 2 (గని స్థాయిలో సంఘం కార్యదర్శిగా పనిచేసినవారు)

పై పెద్దమనిషి చెప్పినదాంట్లో చివరి మాట నాకు బాగా నచ్చింది. మాకు విసుగు పుట్టించే మాట "కుదరదు" కాదు, "పరిశీలిస్తాం". నేను కార్యదర్శిగా ఉన్న కాలంలో మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో రాసే కాగితం) నిండా "యాజమాన్యం పరిశీలించును" అనే వాక్యమే ఉండేది. ఆ కాగితం పట్టుకొని షిఫ్టు దిగుతున్న వాళ్ల ముందు నిలబడితే మమ్మల్ని అమ్ముడుపోయారని అనేవారు. ఒక్క అధికారి మాత్రం, "ఈ ఏడాది ఇది కాదు, కారణం ఇది, ఈ లెక్క చూడండి" అని లెక్కల పుస్తకం మా ముందు తెరిచి పెట్టాడు. ఆయన ఇచ్చింది తక్కువే అయినా, ఈ రోజుకీ గోదావరిఖనిలో ఆయన కనబడితే మా వాళ్లు నిలబడి నమస్కారం పెడతారు.

ఎదురుగా కూర్చున్న నాయకుడికి కూడా ఒక పై అధికారి ఉంటాడని గుర్తుంచుకో బిడ్డా. మా సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగు ద్వారా ఎన్నుకుంటున్నారు. 2012లో, 2017లో ఒక సంఘాన్ని గెలిపించిన కార్మికులే 2023 డిసెంబరులో దాన్ని దించి మరో సంఘాన్ని తెచ్చారు. అందుకే నాయకుడు కొన్నిసార్లు గట్టిగా అరుస్తాడు. ఆ అరుపు నీ మీద కాదు, బయట ఎదురుచూస్తున్న వాళ్లకు వినబడాలని. దాన్ని మనసులో పెట్టుకోకు. అలాగని నటన అనుకొని కొట్టిపారేయకు, ఎందుకంటే కొన్ని కోర్కెల వెనుక చావుబతుకుల సంగతులుంటాయి.

2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె జరిగినప్పుడు నేను ఉద్యోగంలో లేను, కానీ ప్రతిరోజూ గమనించాను. దాదాపు 48 వేల మంది 52 రోజులు పని మానేశారు. కోర్కెలు 26. హైకోర్టు జోక్యం తరువాత ఎర్రమంజిల్‌లో చర్చలకు పిలిచిన అధికారులు 21 అంశాల మీదే మాట్లాడతామన్నారు, సంఘాలు అన్నింటి మీదా మాట్లాడాలన్నాయి. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న అసలు కోర్కె మీద మాట్లాడే అధికారం ఆ గదిలోని వాళ్లకు లేదు. కొందరు కార్మికులు ఆత్మహత్య చేసుకున్నారు. చివరికి ఏ లిఖిత ఒప్పందమూ లేకుండానే విధుల్లో చేరారు. అప్పుడు కుదరదన్న విలీనానికే 2023లో శాసనసభ చట్టం చేసింది. ఆ నాలుగేళ్ల మధ్య చితికిపోయిన ఇళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మీ నాన్న మాటకు నువ్వు జవాబు వెతుక్కోనక్కరలేదు. ఆయన పనిచేసిన గనికి ఒకసారి వెళ్లి రా. కోర్కెల పత్రంలో "దూరం భత్యం" అని ఒక్క ముక్కలో రాసి ఉన్నది, మ్యాన్‌వేలో, అంటే గనిలోకి మనుషులు నడిచే దారిలో, దిగి వెళ్లి తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్లకు తెలుస్తుంది. మీ సంస్థలో కూడా ప్రతి కోర్కె వెనుకా అలాంటి చోటు ఒకటి ఉంటుంది. దాన్ని చూసి వచ్చిన అధికారిణి ఆ పక్కన కూర్చుంటే మాకేం అభ్యంతరం?

జవాబు 3 (కార్మిక శాఖలో పనిచేస్తున్నవారు)

చట్టం చదువుకుంటానన్నారు కాబట్టి రెండు జాగ్రత్తలు మాత్రమే చెబుతాను. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత పుస్తకాలతో వెళ్లకండి. ఇదివరకు ప్రజోపయోగ సేవలకే పరిమితమైన 14 రోజుల సమ్మె నోటీసు నిబంధన ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. సగం మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కొని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. 51 శాతం మద్దతున్న సంఘం ఉంటే చర్చలు జరిపే హక్కు దానిదే, లేకపోతే 20 శాతం మద్దతున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడాలి.

రెండోది, ఒప్పందం ఎక్కడ కుదిరిందన్నది ముఖ్యం. మీరూ సంఘమూ మాత్రమే కూర్చొని చేసుకున్న ఒప్పందం సంతకం చేసిన పక్షాలనే కట్టడి చేస్తుంది. రాజీ అధికారి సమక్షంలో కుదిరినది ఆ సంస్థలోని కార్మికులందరికీ, వేరే సంఘం సభ్యులకూ రేపు చేరబోయేవారికీ కూడా, వర్తిస్తుంది. వేతన సవరణ లాంటి పెద్ద ఒప్పందాన్ని మా సమక్షంలో నమోదు చేయించుకోవడం మీకూ వారికీ మంచిది. సమ్మె నోటీసు వచ్చిందని కంగారు పడవద్దు. నా అనుభవంలో చాలా నోటీసులు చర్చలను కదిలించడానికి ఇచ్చినవే, వాటికి సమయానికి హాజరు కాని యాజమాన్యాలే సమ్మెను చేతులారా తెచ్చుకున్నాయి.

జవాబు 4 (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగి)

శాతాల గురించి ఒక్క మాట. 2022 జనవరిలో మా వేతన సవరణలో 23.29 శాతం ఫిట్‌మెంట్ (మూలవేతనంపై ఇచ్చే పెంపు) ప్రకటించారు. అప్పటికే మేం 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నాం. దానికి తోడు ఇంటి అద్దె భత్యం శ్లాబులు తగ్గించారు. పత్రికల్లో వేతనం పెరిగిందని వచ్చింది, ఇంట్లో లెక్క వేసుకుంటే చేతికి వచ్చేది తగ్గేలా కనబడింది. ఫిబ్రవరి 3న చలో విజయవాడకు వేలాదిగా తరలివచ్చిన జనం ఆ ఒక్క లెక్క మీద వచ్చిన జనమే. తరువాత మంత్రుల కమిటీతో చర్చలు జరిగి సమ్మె ఆగినప్పుడు కూడా ఫిట్‌మెంట్ మారలేదు, మారినవి ఇంటి అద్దె భత్యం వంటి అంశాలు. కాబట్టి అధికారిణి గారూ, మీ బృందం సిద్ధం చేసే ప్రతి ప్రతిపాదనకూ అట్టడుగు కేడరులో ఉన్న ఒక ఉద్యోగి పాత జీతం చీటీ, కొత్త జీతం చీటీ పక్కపక్కన పెట్టి చూడండి. అది చేయకుండా ఏ శాతాన్నీ బయటికి చెప్పకండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. అధికార పరిధి రాతపూర్వకంగా కావాలని నిన్న మా జనరల్ మేనేజరును అడిగాను. ముందు ఆశ్చర్యపోయినా, ఫైనాన్స్ వారితో కూర్చోవడానికి వచ్చే వారంలో ఒక రోజు కేటాయించారు. వచ్చే ఆదివారం నాన్నను తీసుకొని బెల్లంపల్లి వెళుతున్నాను. ఇంకొక్క సందేహం. మా మినిట్స్ ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాస్తారు. తెలుగులో కూడా రాద్దామని నేను ప్రతిపాదించవచ్చా, లేక రేపు అర్థభేదాలు వచ్చి గొడవవుతుందా?

జవాబు (పదవీ విరమణ చేసిన పర్సనల్ మేనేజరు)

తప్పకుండా ప్రతిపాదించండి. రెండు భాషల్లోనూ రాసి, తేడా వస్తే ఏ ప్రతి చెల్లుతుందో అందులోనే ఒక వాక్యంగా చేర్చండి. తెలుగు ప్రతిని మీరొక్కరే రాయకండి, సంఘం వైపు నుంచి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకొని రాయండి. "అంగీకరించారు", "సిఫారసు చేస్తారు", "అంగీకరించలేదు" అనే మూడు మాటలే వాడాలని మొదటి సమావేశంలోనే ఇద్దరూ ఒప్పుకోండి. ఆ రోజు సంతకాలు ఆ రోజే చేయించండి, మర్నాటికి వదలకండి.