కళ్ల చుట్టూ చర్మం పొడిబారి మండుతోంది: ట్యూబు రాస్తే తగ్గి, ఆపగానే మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: ఆదిలాబాద్ ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నాకు నలభై ఏళ్లు దాటాయి. ఆదిలాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. నిరుటి చలికాలం నుంచి నా రెండు కళ్ల పైరెప్పలూ, కళ్ల కింద ఉండే మెత్తని భాగమూ పొడిబారి సన్నని పొట్టు లేస్తున్నాయి. ఉదయం లేచేసరికి చర్మం బిగుసుకుపోయినట్లు ఉంటుంది. బడి నుంచి ఇంటికి చేరేసరికి ఎర్రబడి, ముఖం కడుక్కుంటే ఉత్త నీళ్లు తగిలినా మండుతుంది. చూపులో తేడా ఏమీ లేదు, కళ్లు పుసి కట్టడం కూడా లేదు. మా జిల్లాలో చలి ఎక్కువ కాబట్టి చర్మం పగులుతోందని మొదట ఇంట్లో అందరూ అన్నారు గానీ, ఎండలు ముదిరాక కూడా ఇది పూర్తిగా తగ్గలేదు.

మందుల దుకాణంలో చూపిస్తే తామర అయి ఉంటుందని చెప్పి ఒక ట్యూబు ఇచ్చారు. దాని మీద బీటామెథసోన్, నియోమైసిన్, క్లోట్రిమజోల్ అనే మూడు పేర్లు ఉన్నాయి. రాసిన రెండు మూడు రోజులకే చర్మం నున్నగా అవుతుంది, ఆపిన కొద్ది రోజులకే మునుపటి కంటే ఎక్కువ ఎరుపుతో తిరిగి వస్తుంది. ఇప్పటికి చాలా నెలలుగా ఇదే వరస. ముఖానికి మామూలు సబ్బు, కొబ్బరి నూనె తప్ప ఏమీ వాడను. రోజూ కాటుక పెట్టుకుంటాను. నెలకొకసారి బజారులో దొరికే నల్ల గోరింటాకు పొడి తలకు పట్టిస్తాను, అయితే మాడు మీద ఎప్పుడూ దురద రాలేదు.

ఒళ్లంతా బాగానే ఉండి కళ్ల చుట్టూ మాత్రమే ఇలా ఎందుకు వస్తోంది? ఈ ట్యూబును ఇలా వాడుతూ పోవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: వరంగల్ చర్మవ్యాధుల వైద్యురాలు

ఉపాధ్యాయిని గారికి నమస్కారం. మిమ్మల్ని చూడకుండా జబ్బు పేరు చెప్పడం సరికాదు. అయితే మీరు రాసిన వివరాలలో వెంటనే పట్టించుకోవలసిన సంగతులు రెండు ఉన్నాయి, వాటిలో ట్యూబు మొదటిది.

బీటామెథసోన్ శక్తిగల స్టిరాయిడ్. మన శరీరంలో అన్నిటికంటే పలుచని చర్మం కనురెప్పదే, దాని మందం అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. అక్కడ రాసిన మందు ముంజేతి మీద రాసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలుచబడి సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మందు ఆపినప్పుడల్లా ఎరుపూ మంటా రెట్టింపై తిరిగి వస్తాయి. మీరు చెప్పిన వరస సరిగ్గా ఇదే. అంతకంటే నన్ను కలవరపెట్టేది కంటి లోపలి సంగతి. రెప్పల మీద చాలాకాలం వాడిన స్టిరాయిడ్ వల్ల కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, అంటే గ్లకోమా రావచ్చు, శుక్లం కూడా రావచ్చు. ఒత్తిడి పెరగడం నొప్పి లేకుండా జరుగుతుంది కాబట్టి, చూపులో తేడా లేదన్న ధైర్యంతో ఉండకుండా ఈ నెలలోనే కంటి వైద్యుల దగ్గర ఒత్తిడి కొలిపించుకోండి. ఇటువంటి 14 స్టిరాయిడ్ లేపనాలను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడిగినవారికి అడిగినట్లు చేతిలో పెడుతూనే ఉన్నారు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్ వంటి పేర్లలో ఏది కనిపించినా, వైద్యులు చూసి చెప్పనిదే దాన్ని కంటి దగ్గరకు తీసుకుపోకూడదు. ఆ ట్యూబులోని నియోమైసిన్ కూడా చాలామందికి చర్మం మీద అలర్జీ తెప్పించే మందే కాబట్టి, తగ్గించడానికి రాస్తున్నదే కొంత జబ్బును పెంచుతూ ఉండవచ్చు. ఇక తామర సాధారణంగా అంచు ఎర్రగా లేచి, మధ్యలో తేటపడుతూ గుండ్రంగా పాకుతుంది, రెండు కళ్ల రెప్పల మీదా ఒకే తీరున పొట్టు లేవడం దాని లక్షణం కాదు.

రెండవది కారణం. కళ్ల చుట్టూ మాత్రమే ఎందుకని అడిగారు. కనురెప్పకు హాని చేసే పదార్థం కనురెప్పకే రాసినది కానక్కరలేదు. గోళ్ల రంగు పడనివారిలో తరచుగా గోళ్ల చుట్టూ చర్మానికి ఏమీ కాదు, తెలియకుండా కళ్లు తుడుచుకున్నప్పుడు తగిలిన రెప్ప మాత్రం ఎర్రబడుతుంది. తలకు వేసే రంగు కూడా అంతే. మీరు చెప్పిన నల్ల గోరింటాకు పొడిలో నలుపు గోరింటాకుది అయి ఉండదు, ఎందుకంటే గోరింటాకు ఎర్రగానే పండుతుంది. అటువంటి పొడులలో నలుపు కోసం పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనం కలపడం మామూలు. దానికి అలర్జీ ఉన్నవారిలో మాడు చర్మం మందంగా ఉండి తట్టుకుంటుంది గనుక, పొట్టూ వాపూ కనురెప్పల మీద, చెవుల మీద, నుదుటి అంచున కనిపిస్తాయి. మాడు మీద దురద లేదన్న కారణంతో ఆ పొడిని నిర్దోషిగా వదిలిపెట్టలేము. వేసుకున్న రెండు మూడు రోజులకు ఎరుపు పెరుగుతోందా అన్నది గుర్తు తెచ్చుకొని చూడండి.

ప్రస్తుతానికి కాటుక, తలరంగు, సబ్బు మూడూ పూర్తిగా ఆపండి. మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ, చర్మానికి సహజంగా ఉండేది కొద్దిపాటి ఆమ్లగుణం, అందుకే దెబ్బతిన్న రెప్పకు సబ్బు నురగ తగిలితే మంట. గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాసన కలపని తెల్ల పెట్రోలియం జెల్లీని బియ్యపు గింజంత తీసుకొని, ఉంగరపు వేలితో కంటి చుట్టూ ఎముక మీదుగా అద్దండి. అది జిడ్డుగా ఉన్నా అలర్జీ తెప్పించడం చాలా అరుదు. పాదాల పగుళ్లకు వాడే యూరియా, లాక్టిక్ ఆమ్లం ఉన్న లేపనాలను గానీ, ముడతలు పోవడానికి అమ్మే రెటినాల్ లేపనాలను గానీ ఇక్కడ రాయవద్దు. జలుబు చేసినప్పుడు నుదుటికి రాసుకునే కర్పూరపు బామ్ కూడా రెప్పలకు చేటే.

జవాబు: రాజమహేంద్రవరం గృహిణి

అమ్మా, నేను వైద్యం చదువుకున్నదాన్ని కాను గానీ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలను పెంచినదాన్ని. మా వైపు కళ్లు పొడిబారితే రాత్రి పడుకునే ముందు వంటాముదం ఒక చుక్క రెప్పలకు రాసేవాళ్లం, ఆముదపు దీపం మీద పట్టిన మసితో ఇంట్లోనే కాటుక చేసుకునేవాళ్లం. బజారు లేపనాలలో ఏమి కలుపుతారో మనకు తెలియదు కదా, మన చేతితో చేసుకున్న దానితో అంత భయం ఉండదని నా నమ్మకం. పసుపు, శనగపిండి మాత్రం కంటి దగ్గర పెట్టవద్దు, అవి ఆరిన తరువాత చర్మాన్ని లాగేస్తాయి. డాక్టరు గారు ఆముదం గురించి ఏమంటారో కూడా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: అనంతపురం వేరుశనగ రైతు

ఉపాధ్యాయిని గారూ, మీ బడి చుట్టుపక్కల వయ్యారిభామ మొక్క ఉందేమో ఒకసారి చూడండి. కొందరు దాన్నే కాంగ్రెస్ గడ్డి అంటారు. నాకు కొన్నేళ్ల పాటు కళ్ల రెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎండిపోయి ఏనుగు తోలులా మందమయ్యాయి. ఎండ ఒంటికి సరిపడటం లేదని ఒకరు, రక్తం చెడిందని ఇంకొకరు చెప్పగా రకరకాల మందులు వాడాను. చివరకు ఒక పెద్ద ఆసుపత్రిలో వీపు మీద పట్టీలు అతికించి పరీక్ష చేసి, ఈ మొక్క పడదని తేల్చారు. 1950లలో పుణె ప్రాంతంలో మొదట కనిపించిన ఆ కలుపు ఇప్పుడు మా గట్ల మీదా, రోడ్ల పక్కనా లేని చోటు లేదు. మొక్కను ముట్టుకోవలసిన పని కూడా లేదు, ఎండిన ఆకుల ధూళి గాలిలో లేస్తే చాలు. ఇప్పుడు నేను గట్టు పనికి వెళ్లినప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకొని, ముఖానికి తువ్వాలు చుట్టుకొని, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మారుస్తాను. పూర్తిగా పోయిందని చెప్పను గానీ నిద్ర పడుతోంది.

జవాబు: వరంగల్ చర్మవ్యాధుల వైద్యురాలు

రైతు గారు చెప్పిన సంగతి చాలా విలువైనది. ఎండ వల్ల వచ్చే జబ్బులో పైరెప్పలు, గడ్డం కింది భాగం, చెవుల వెనుక చర్మం నీడలో ఉంటాయి కాబట్టి సాధారణంగా బాగానే ఉంటాయి. గాలిలో ఎగిరే ధూళి వల్ల వచ్చే జబ్బు ఆ చోట్లనే మొదలవుతుంది. ఈ ఒక్క తేడాను గమనించకపోవడం వల్ల ఎంతోమంది రైతులు ఏళ్ల తరబడి తప్పు మందులు వాడుతున్నారు. వయ్యారిభామ పడనివారిలో కొందరికి అదే కుటుంబానికి చెందిన చామంతి కూడా పడదు. పూలు కట్టేవారు, రోజూ చామంతి దండ పెట్టుకునేవారు కళ్ల చుట్టూ ఇలా వస్తే దానినీ అనుమానించాలి. ఉపాధ్యాయిని గారు సుద్దముక్కల ధూళి గురించి రాయలేదు గానీ, అది అలర్జీ కాకపోయినా పొడి చర్మాన్ని ఇంకా పొడిబారుస్తుంది, చేతులు కడగకుండా కళ్లు నలుపుకోవడం వల్ల నేరుగా రెప్పకే చేరుతుంది.

అమ్మగారి మాటకు గౌరవంతో జవాబు చెబుతాను. శుద్ధమైన వంటాముదం మంచి చర్మానికి పెద్దగా హాని చేయదు, కొందరికి మెత్తదనం ఇస్తుంది. కానీ ఇప్పటికే చిట్లిన రెప్పకు ఆముదమే పడని రోగులు అరుదుగానైనా ఉంటారు కాబట్టి, కారణం తేలేదాకా కొత్తది ఏదీ, ఇంటిదైనా సరే, చేర్చకపోవడం మేలు. ఇంటి కాటుకలో సీసం వంటి విషలోహం కలిపే అవకాశం లేదు, నిజమే, బజారులో దొరికే కొన్ని సుర్మాలలో సీసం ఉంటుంది, వాటిని పసిపిల్లలకు అసలు పెట్టకూడదు. అయినా మసి నలుసులు రెప్ప అంచున ఉండే నూనె గ్రంథుల నోళ్లను మూసేస్తాయి, కాటుక చెరపడానికి రుద్దే రుద్దుడు దానికి తోడవుతుంది. చర్మం మానే వరకు మాత్రం మానుకోమని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఇంకొక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో పెద్దవారు గ్లకోమాకు కంటి చుక్కలు వాడుతూ రెప్పలు ఎర్రబడి పొట్టు లేస్తే, ఆ చుక్కలలో కలిపే నిల్వ రసాయనం కారణం కావచ్చు. అటువంటప్పుడు చుక్కలను సొంతంగా ఆపకుండా కంటి వైద్యులను అడిగితే ఆ రసాయనం లేని రకం రాసిస్తారు. ఒక వైపు కంటి చుట్టూ మాత్రమే నీటిపొక్కులు లేచి నొప్పి పెట్టినా, జ్వరంతో పాటు రెప్ప వాచి కన్ను తెరవలేకపోయినా, రెప్పలు ఊదారంగుకు తిరిగి భుజాలు, తొడలు బలహీనపడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: ఆదిలాబాద్ ఉపాధ్యాయిని

డాక్టరు గారికి, అమ్మగారికి, రైతు గారికి కృతజ్ఞతలు. పాత క్యాలెండరు తీసి చూస్తే, దాదాపు ప్రతిసారీ తలకు పొడి పట్టించిన తరువాతి రోజులలోనే ఎరుపు పెరిగినట్లు కనిపిస్తోంది. మా బడి ప్రహరీ వెంబడి వయ్యారిభామ కూడా విరివిగా ఉంది. ట్యూబు ఆపేస్తే మంట పెరుగుతుందంటున్నారు, ఆ రోజులు ఎలా గడపాలి? వీపు మీద పట్టీల పరీక్ష ఎలా ఉంటుందో, దానికి ముందు ఏమి చేయాలో కూడా దయచేసి చెప్పండి.

జవాబు: వరంగల్ చర్మవ్యాధుల వైద్యురాలు

రెండు అనుమానాలు ఉన్నప్పుడు ఊహతో ఒకదాన్ని ఎంచుకోకుండా పరీక్ష చేయించుకోవడమే సరైన దారి. ట్యూబు ఆపిన తరువాత రెండు మూడు వారాలు ఎరుపు పెరగవచ్చు. ఆ సమయంలో చల్లని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాలు కళ్ల మీద వేసుకొని, వెంటనే పెట్రోలియం జెల్లీ అద్దుకుంటే చాలా ఉపశమనం ఉంటుంది. భరించలేనంతగా ఉంటే మీ దగ్గరలోని చర్మ వైద్యులు టాక్రోలిమస్ లేపనం రాయవచ్చు. అది స్టిరాయిడ్ కాదు, చర్మాన్ని పలుచబరచదు, కంటి ఒత్తిడి పెంచదు. మొదటి కొద్ది రోజులు అది రాసిన చోట చురచురమంటుంది, ఆ ఒక్క కారణంతో చాలామంది మానేస్తారు, మీరు మానవద్దు. వైద్యులు చూసి అవసరమనుకుంటే కొన్ని రోజులకు పరిమితం చేసి తేలికపాటి హైడ్రోకార్టిసోన్ ఇవ్వడం కూడా సమ్మతమే.

పరీక్షలో సూదులు ఉండవు. అనుమానిత పదార్థాలను తగిన మోతాదులో చిన్న చిన్న గిన్నెల వంటి పట్టీలలో పెట్టి వీపు పైభాగాన అతికిస్తారు. సోమవారం అతికిస్తే బుధవారం, అంటే 48 గంటలకు తీసి చూస్తారు, ఆలస్యంగా కనిపించే అలర్జీల కోసం శుక్రవారం మళ్లీ చూస్తారు. ఆ ఐదు రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టే పనులు చేయకూడదు, అందుకే మన ప్రాంతంలో ఎండాకాలం కంటే సంక్రాంతి చుట్టుపక్కల రోజులు ఈ పరీక్షకు అనువు. స్టిరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, వీపుకు ఏ లేపనమూ రాయకూడదు, కళ్ల దగ్గర ఎరుపు తీవ్రంగా ఉన్న రోజులలో చేయించుకోకూడదు. వెళ్లేటప్పుడు ఆ నల్ల పొడి డబ్బా, కాటుక, సబ్బు రేపరు, వాడిన ట్యూబు అన్నీ పట్టుకెళ్లండి. వయ్యారిభామ మొక్కను మాత్రం తెంపి తీసుకువెళ్లనక్కరలేదు, దాని సారం పరీక్ష పెట్టెలో ఉంటుంది. ఈలోగా ప్రహరీ వెంబడి ఉన్న మొక్కలను పూత రాకముందే పీకించమని ప్రధానోపాధ్యాయులను అడగండి. పీకేవారికి చేతి తొడుగులు ఇప్పించండి, ఆ పనిలో పిల్లలను పెట్టవద్దని కూడా చెప్పండి.