నాలుగో నంబరు రాకపోతే కడుపు బాగోలేనట్టేనా?

సందేహి: బ్రిస్టల్ చార్టు మలాన్ని ఏడు రకాలుగా చూపిస్తుంది. ఒకటి విడివిడి గట్టి ఉండలు, ఏడు ఒట్టి నీళ్లు. మూడు, నాలుగు మంచివట. నాకు తరచూ రెండో ఐదో ఉంటుంది. టెన్షన్ పడాలా, అసలు చూసుకోవడమే దండగా?

మొండిఘటం: ఫ్లష్ నొక్కి బయటికి రండి. ప్రయాణం చేసినా, నిద్ర చెడినా ఆకారం మారుతుంది. దానికి మార్కులు వేసుకోవడమేంటి?

ల్యాబ్‌కోటు: ఒక్కరోజుది వదిలేయమంటే సరే, అసలు చూడొద్దంటే ఒప్పుకోను. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో లూయిస్, హీటన్ అనే పరిశోధకులు 1997లో 66 మందిపై చేసిన అధ్యయనం ప్రచురించారు. తిన్నది పేగులు దాటడానికి పట్టే సమయాన్ని, ఎన్నిసార్లు వెళ్లారన్న లెక్క కన్నా ఆకారమే బాగా పట్టిచ్చింది. పెద్దపేగులో ఎక్కువసేపు ఆగితే నీరు ఇంకిపోయి ఉండలు కడుతుంది, త్వరగా దాటితే పలచబడుతుంది.

మొండిఘటం: అంటే స్పీడు తెలిసిందంతే. పేగులో కణితి ఉన్నవాళ్లకీ చక్కటి నాలుగో నంబరు రావచ్చుగా? దాన్ని చూసి ధీమాగా కూర్చుంటే?

ల్యాబ్‌కోటు: నిజమే. అందుకే రంగూ చూడాలి. తారులా నల్లగా, జిగటగా ఉంటే పొట్టలో రక్తస్రావం కావచ్చు (ఐరన్ మాత్రలతోనూ నల్లబడుతుంది, కంగారు వద్దు). సుద్దలా పాలిపోతే పైత్యరసం పేగులోకి దిగడం లేదేమో చూడాలి.

రాత్రిడ్యూటీ: ఆకారం కూడా మోసం చేస్తుందండీ. మంచం పట్టిన మా నాన్నగారికి పడకంతా తడిసేలా నీళ్లలా అయ్యేది. అందరూ విరేచనాలే అన్నారు. నర్సు వచ్చి, "అంతకుముందు ఎన్ని రోజులు కాలేదు?" అని అడిగి పరీక్ష చేశారు. లోపల మలం రాయిలా బిగిసింది, దాని పక్కనుంచి నీళ్లు జారుతున్నాయి. చార్టులో ఏడు, జబ్బు మలబద్ధకం! ఆపే మాత్ర వేసి ఉంటే ఇంకా బిగిసేది.

సందేహి: మరి నా సంగతి?

ల్యాబ్‌కోటు: రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే. ముక్కాల్సిన పని, నొప్పి లేకపోతే రెండుకీ ఐదుకీ మధ్య ఊగినా పర్లేదు. మీ అలవాటు మారి కొన్ని వారాలు అలాగే ఉన్నా, రక్తం కనిపించినా, ఊరికే బరువు తగ్గుతున్నా, విరేచనం నిద్రలోంచి లేపుతున్నా డాక్టరుకు చూపించండి. అక్కడ సిగ్గుపడి "అదోలా అవుతోంది" అనకుండా నంబరు చెప్పేయండి.

మొండిఘటం: వారాల లెక్కయితే సరే. రోజూ ఫొటో తీయమనే యాప్‌లకు మాత్రం నా ఓటు లేదు.