పాత క్రికెట్ బంతుల తోలుతో పర్సులు కుట్టి అమ్మడం సరైన పనేనా?

మూడోస్లిప్: మా మైదానంలో నెట్స్‌కు కూడా పనికిరాని బంతులు ఒక గోతాం నిండా పోగయ్యాయి. వాటిని కోసి, తోలు విడదీసి, చిల్లర పర్సులు కుట్టించి, "చేతిపని" అన్న చీటీతో ఒక్కొక్కటి 900 రూపాయలకు అమ్ముతున్నాను. చెత్తకుప్పకు పోవలసిన తోలు ఇంకొన్నేళ్లు పనికొస్తుందని నా ఉద్దేశం. ఇది మోసమని నిన్న ఒక మిత్రుడు అన్నాడు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

ఆరె_రంపె: మోసమో కాదో తర్వాత చూద్దాం, ముందు తోలు సంగతి తేలాలి. మన లందల్లో, అంటే తోలు నానబెట్టే తొట్లలో, తంగేడు చెక్కతో పదునుచేసిన తోలు వేరు, బంతులకు వాడే పటిక తోలు వేరు. పటిక తోలు బాగా తడిస్తే పటిక కరిగిపోయి, ఆరాక అట్టలా బిగుసుకుంటుంది. పైగా నాలుగు ముక్కల బంతిని విప్పితే ఒక్కో ముక్క దోసబద్దలా వస్తుంది; నేను కొలిచి చూశాను, పొడవు సుమారు 11 సెంటీమీటర్లు, నడుమ వెడల్పు 5.5. వంపు తిరిగిన ఆ బద్దతో పర్సు ఎలా కుడతారండీ?

గ్యాలరీ: లోపలి బెండును ఏం చేస్తున్నారో ఎవరూ అడగలేదు.

మూడోస్లిప్: పర్సంతా మేక తోలే. బంతి ముక్క ముందువైపు, పాత దారపు కుట్లు కనబడేలా ఉంటుంది. తడపవద్దని చీటీ మీద రాసే ఇస్తున్నాను.

ఆరె_రంపె: అంటే మేక తోలు పర్సుకు బంతి తోలు అతికించి, పాత బంతి పర్సంటున్నారు.

నెట్స్_నాన్న: మా అబ్బాయి శిక్షణకు వెళ్లిన చోట ఒక బంతి పోగొట్టాడని 400 రూపాయలు కట్టించుకున్నారు, వారం తర్వాత అది పొదల్లో దొరికినా డబ్బు తిరిగి ఇవ్వలేదు. మీరు పనికిరావనే బంతులతోనే క్యాచ్‌లు నేర్చుకునే పిల్లలున్నారు. ముందు ఆ గోతాం విప్పి చూపించండి.

మూడోస్లిప్: కుట్లు తెగి, పెచ్చు లేచిన బంతులవి. పిల్లల వేళ్లు చీరుకుపోతే ఎవరు జవాబు చెబుతారు? మీ 400 రూపాయలు తీసుకున్నది నేను కాదు.

ఆరె_రంపె: మొదటి టపాలో "కుట్టించి" అన్నారు. కుడుతున్నది ఎవరు, కూలి ఎంత?

మూడోస్లిప్: బస్టాండు పక్కన కూర్చునే ఒక పెద్దాయన. ఒక్కోదానికి 60 రూపాయలు, ఆయన అడిగినంతే ఇస్తున్నాను. రూపకల్పన నాది, అమ్మే తిప్పలు నావి.

ఆరె_రంపె: మా నాన్న 40 ఏళ్లు తోలు కుట్టే ఆరె పట్టాడు. మా అక్కకు సంబంధం చూడడానికి వచ్చిన రోజున ఆయన ఆరెను, తోలు కోసే రంపెను గోనెసంచిలో చుట్టి అటక మీద దాచింది నేనే. తోలు పని ఆయన చేసినంతకాలం కులం గుర్తొచ్చింది, మీరు చేయిస్తే కళ అయిపోయింది. ఇంతసేపూ పటిక గురించి వాదించింది ఈ మాట నోట రాకనే. "చేతిపని" అని చీటీ మీద రాసిన మీరు, కుట్టినవారి పేరు రాయలేదు.

నెట్స్_నాన్న: గోతాం సంగతి మాత్రం తేలలేదు.

మూడోస్లిప్: ఇప్పుడే వెళ్లి ఆయననే అడిగాను. పేరు వేయవద్దన్నారు, మనవడు కాలేజీలో ఉన్నాడట.

ఆరె_రంపె: పేరు ఆయన ఇష్టం. కూలి మీ చేతిలోనే ఉంది కదా, ఎంతకు పెంచారో ఇక్కడే రాయండి.