నవంబర్ వస్తే మా కొలీగ్ దిగాలు పడిపోతోంది, చర్చి ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: షికాగో బిల్లింగ్ డెస్క్

అందరికీ నమస్కారం. షికాగోలో ఒక క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తుంటాను. నా పక్క సీటావిడది మెక్సికోలోని మిచోవకాన్. ఆమె గ్రీన్‌కార్డు కేసు నడుస్తుండగా ఊళ్లో వాళ్లమ్మ పోయారు. ఇప్పుడు దేశం దాటితే కేసు మొత్తం పోతుందని లాయర్ చెప్పడంతో వెళ్లలేదు. బ్రేక్ రూమ్‌లో కూర్చుని అంత్యక్రియలు వాట్సాప్‌లో చూసింది. మధ్యలో సిగ్నల్ పోతే ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

అప్పట్నుంచి నవంబర్, డిసెంబర్ వస్తే చాలు, గుండె దడ, చేతులు వణుకు, నిద్ర లేదు. టెస్టులన్నీ నార్మలే. "నెర్వియోస్" (స్పానిష్‌లో నరాల ఆందోళన) అంటుంది అంతే. చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చిన రోజు మనిషి తేలికపడుతుంది, మళ్లీ మామూలే. కౌన్సెలర్ మాటెత్తితే "అది పిచ్చివాళ్లకి, నువ్వు ఇంకో రోసరీ (జపమాల ప్రార్థన) చెప్పుకో" అంటుందట వాళ్లక్క. నవంబర్ 2న, పోయినవాళ్లని తలుచుకునే వాళ్ల పండగ రోజున, ఇంట్లో అమ్మకి ఒఫ్రెండా (పోయినవాళ్లకి ఇష్టమైనవి పెట్టే బల్ల) పెడుతున్నాను, రమ్మని పిలిచింది. వెళ్లనా? వెళ్తే ఏం మాట్లాడాలి? కౌన్సెలర్ సంగతి నేను చెప్పొచ్చా?

జవాబు: శాన్ ఆంటోనియో కోడలు

తప్పకుండా వెళ్లండి. మా అత్తగారిది మెక్సికన్ కుటుంబం, ప్రతి ఏడూ పెడతాం. మెట్లుమెట్లుగా బల్ల, పోయినవాళ్ల ఫొటో, గ్లాసుతో నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, గుత్తులుగా బంతిపూలు, పాన్ దె మ్యుఎర్తో అనే తీపి రొట్టె. నవంబర్ 1 చిన్నప్పుడే పోయిన పిల్లలకి, 2 పెద్దవాళ్లకి. పోయినవాళ్లకి ఏది ఇష్టమైతే అది పెట్టాల్సిందే. మా మామగారికి దాల్చినచెక్క వేసిన కాఫీ పెడతాం. చక్కెర తక్కువైందేమోనని అత్తగారు ఆ ఫొటోతోనే గొడవపడుతుంది.

కాబట్టి ముఖం వేలాడేసుకుని వెళ్లకండి. "అమ్మగారు ఏం వండేవారు? ఆవిడకి కోపం ఎలా వచ్చేది?" అని అడగండి. ఆ ఇంట్లో పోయినవాళ్ల మీద జోకులు కూడా వేస్తారు, నవ్వినా ఎవరూ ఏమీ అనుకోరు. హాలోవీన్‌తో మాత్రం కలపొద్దు, అడక్కుండా ఫొటోలు తీసి పోస్ట్ చేయొద్దు.

ఇంకో సంగతి. మనిషి పోతే తొమ్మిది రాత్రులు ఇరుగుపొరుగు కూడి రోసరీ చెప్పుకుంటారు, నొవెనారియో అంటారు. ఏడవడానికి, తినడానికి, పక్కన కూర్చోడానికి ఒక వేళ, ఒక చోటు దొరుకుతాయి. మీ కొలీగ్‌కి అదేమీ దక్కలేదు. బ్రేక్ రూమ్‌లో ఒక్కతే చూసింది, తెల్లారి డ్యూటీకి వచ్చింది. అమ్మ పేరు మీద మాస్ చెప్పించుకోవచ్చు కదా అని గుర్తు చేయండి. చర్చి ఆఫీసులో పేరు రాయిస్తే పూజలో ఆ పేరు చదువుతారు. మా ఇంట్లో వర్ధంతికి అలాగే చేస్తాం.

డిసెంబర్ సంగతి వేరే. 16 నుంచి 24 దాకా పోసాదాస్ (ఇంటింటికీ పాడుకుంటూ వెళ్లే తొమ్మిది రాత్రుల వేడుక), 24 రాత్రే నోచెబుయేనా అంటే క్రిస్మస్ ముందు రాత్రి, జనవరి 6న రేయెస్ అంటే ముగ్గురు జ్ఞానుల పండగ. పండగంతా ఆడవాళ్ల నడుం మీదే నడుస్తుంది. సింకు నిండా నానుతున్న మొక్కజొన్న పొత్తుల తొక్కలు, రాత్రి ఒంటిగంట దాకా తమాలెస్ (ఆ తొక్కల్లో పిండి చుట్టి ఉడికించే వంటకం) చుట్టడం. అమ్మ లేని మొదటి ఏళ్లలో ఆ పిండి కలిపేటప్పుడే ఎక్కువ ఏడుపొస్తుంది. వీలైతే ఆ రాత్రి వెళ్లి ఓ రెండు డజన్లు చుట్టిపెట్టండి.

జవాబు: లిటిల్ విలేజ్ సోషల్ వర్కర్

పైన శాన్ ఆంటోనియో అక్క చెప్పినదానికి నా వైపు నుంచి కొంచెం. నెర్వియోస్ అంటే నటనా కాదు, భక్తి తక్కువై వచ్చేదీ కాదు. అతాకె దె నెర్వియోస్‌ని, అంటే అది ఒక్కసారిగా విరుచుకుపడటాన్ని, అమెరికా మానసిక వైద్యుల మాన్యువల్ డీఎస్ఎమ్‌లోనే చేర్చారు. దుఃఖం ఒంట్లోంచి బయటపడటం మా దగ్గర రోజూ చూసేదే.

చర్చి కావాలా కౌన్సెలర్ కావాలా అని ఆవిడ ముందు పెట్టారంటే కౌన్సెలర్ ఓడిపోతాడు, అనవసరంగా. రెండూ ఉండొచ్చు అనండి. "సైకాలజిస్ట్" అనే మాటతో మొదలుపెట్టకుండా, నిద్ర పట్టట్లేదని మామూలు డాక్టర్‌కే చెప్పమనండి, అక్కడి నుంచి స్పానిష్ మాట్లాడే థెరపిస్ట్ దగ్గరికి పంపమని అడగమనండి. ప్రొమొతోరా అని పిలిచే ఆరోగ్య కార్యకర్తలు ఉంటారు, అదే వీధి మనుషులు. వాళ్ల మాట మీ కొలీగ్ వాళ్లక్క కూడా వింటుంది. "అమ్మ దగ్గరికి వెళ్లిపోవాలనుంది" లాంటి మాట వస్తే మొహమాటపడకుండా సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. 988 అనే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి 2 నొక్కితే స్పానిష్‌లో మాట్లాడతారు, 2023 నుంచి స్పానిష్‌లో మెసేజ్ కూడా చేయొచ్చు.

లాటినోలంటే, అంటే లాటిన్ అమెరికా మూలాలవాళ్లంటే, అందరూ కాథలిక్కులే అనుకోకండి. ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వే ప్రకారం అమెరికాలోని లాటినో పెద్దవాళ్లలో కాథలిక్కులు 2010లో 67 శాతం, 2022కి 43 శాతం. ఇవాంజెలికల్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల) ఇళ్లలో చాలామంది ఒఫ్రెండా పెట్టరు, కొందరు తప్పంటారు కూడా. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లకే ఈ విషయంలో మాటలుండవు. ఇంకా, కొంతమందికి ఇప్పుడు చర్చికి వెళ్లడమే టెన్షన్. 2025 జూలైలో కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో బిషప్, ఇమిగ్రేషన్ అరెస్టుల భయం ఉన్నవాళ్లు ఆదివారం మాస్‌కి రాకపోయినా ఫర్వాలేదని ఉత్తర్వే ఇచ్చారు. మీ కొలీగ్ కేసు గురించి నలుగురిలో అడక్కండి.

జవాబు: పేరు చెప్పను

మీరంతా పండగల్ని మరీ ముద్దు చేస్తున్నారు. నా రూమ్‌మేట్‌ది గ్వాటెమాలా కుటుంబం. డిప్రెషన్ అంటే "దేవుడికి వదిలెయ్" అన్నారు. మందులు మొదలయ్యేసరికి చదువు సగంలో ఆగింది.

జవాబు: లిటిల్ విలేజ్ సోషల్ వర్కర్

నిజమే, అలాంటివి చాలా చూశాను. అందుకే ఇంట్లోవాళ్లని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకురమ్మంటాం. ప్రార్థన మానేయమంటే వినరు, మందులు వేసుకునే ప్రార్థించుకోమంటే వింటారు.

ప్రశ్న అడిగిన షికాగో బిల్లింగ్ డెస్క్

చాలా థాంక్స్ అండీ. నిద్ర మాట పట్టుకుని డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంటానంది! ఇంకో చిన్న డౌట్. డిసెంబర్ 11 రాత్రి గ్వాడలూపె మాత (మేరీమాత) పండగకి షికాగో పక్కనున్న డెస్ ప్లెయిన్స్‌లోని ఆవిడ గుడికి తీసుకెళ్తావా అంటోంది మా కొలీగ్. ఆ చలిలో, ఆ జనంలో ఆవిడకి ఇంకా ఎక్కువవుతుందేమో?

జవాబు: శాన్ ఆంటోనియో కోడలు

తీసుకెళ్లండి. 1531లో మెక్సికోలోని టెపెయాక్ కొండ మీద హువాన్ దియేగో అనే ఆదివాసికి కనిపించిన తల్లి అని వాళ్ల నమ్మకం. అమ్మ లేనివాళ్లు అక్కడ అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడుకుంటారు. అర్ధరాత్రి మన్యానితాస్ అనే పుట్టినరోజు పాట పాడతారు, పటాలు వీపున కట్టుకుని మైళ్లకి మైళ్లు నడిచొచ్చేవాళ్లుంటారు. జనంలో ఊపిరాడకపోతే పక్కకి రావడానికి వీలుగా అంచున నిలబడండి. కారు చాలా దూరంగా ఆపాల్సి వస్తుంది, మంచులో నడిచే బూట్లు మర్చిపోకండి.