నిక్సన్‌కు డబ్బిచ్చి చేసిన ఇంటర్వ్యూ పాత్రికేయం అవుతుందా?

గౌతమీతీరం:
1977లో బ్రిటిష్ ప్రసారకర్త డేవిడ్ ఫ్రాస్ట్, అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌తో జరిపిన సంభాషణలను టెలివిజన్ ఇంటర్వ్యూకు ప్రమాణంగా చెబుతుంటారు. అయితే ఆ సంభాషణల కోసం నిక్సన్‌కు 6 లక్షల డాలర్లు, లాభాల్లో 20 శాతం వాటా ఇచ్చారు. నిక్సన్ పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కుంభకోణం ప్రస్తావన మొత్తం కార్యక్రమంలో నాలుగో వంతు మించరాదన్న షరతుకూ ఒప్పుకున్నారు. తప్పు చేసిన నాయకుడు తన కథను తానే అమ్ముకున్న ఈ వ్యవహారాన్ని పాత్రికేయం అనడానికి నా మనసు అంగీకరించదు.

పాతపత్రిక:
మీరు చెప్పిన ఆ రెండు విషయాలూ నిజమే. కానీ అదే ఒప్పందం ప్రకారం ప్రశ్నలను ముందుగా చూసే హక్కుగాని, కూర్పులో జోక్యం చేసుకునే హక్కుగాని నిక్సన్‌కు లేవు. 1974 సెప్టెంబరులో తదుపరి అధ్యక్షుడు ఫోర్డ్ క్షమాభిక్ష ప్రసాదించిన తర్వాత నిక్సన్‌ను ఏ ఫెడరల్ న్యాయస్థానమూ విచారించే అవకాశం లేకుండా పోయింది. ఆయనను ప్రశ్నించగల చోటు ఇక కెమెరా ముందే మిగిలింది. డబ్బు కొన్నది ఒప్పుకోలును కాదు, సమయాన్ని. కాలిఫోర్నియాలో 12 రోజులపాటు, 28 గంటలకు పైగా చిత్రీకరణ సాగింది. తొలిరోజుల్లో నిక్సన్ సుదీర్ఘమైన జవాబులతో గంటలు గడిపేసి పైచేయి సాధించారన్నది వాస్తవం. ఆ తర్వాత పరిస్థితి మారిందంటే అందుకు ఫ్రాస్ట్ మృదుస్వభావం ఒక్కటే కారణం కాదు. పరిశోధకుడు జేమ్స్ రెస్టన్ జూనియర్ వెలికితీసిన, నిక్సన్‌కూ ఆయన సలహాదారు కోల్సన్‌కూ మధ్య జరిగిన సంభాషణల టేపుల పాఠం అప్పుడు ఫ్రాస్ట్ చేతిలో ఉంది. దేశ ప్రజలను నిరాశపరిచానని నిక్సన్ నోట వచ్చిన మాటను 1977 మేలో అమెరికాలో సుమారు నాలుగున్నర కోట్ల మంది చూశారు. అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదన్న ఆయన వాదన కూడా ఆ సంభాషణల్లోనే రికార్డుకెక్కింది. నా దృష్టిలో క్షమాపణ కన్నా ఈ మాటే విలువైనది, ఎందుకంటే అధికారాన్ని ఆయన ఎలా అర్థం చేసుకున్నారో ఆయన నోటనే అది తెలిపింది.

గౌతమీతీరం:
అలాగైతే ఆ విజయం పరిశోధకులది కూడా, ఒక్క ఫ్రాస్ట్‌దే కాదు. వెనుక అంతటి సన్నాహం లేనప్పుడు ఆయన మర్యాద బలహీనతగా మారిందనడానికి 2007 నవంబరులో అల్ జజీరా ఇంగ్లిష్‌లో బేనజీర్ భుట్టోతో చేసిన ఇంటర్వ్యూ నిదర్శనం. అప్పటికి బతికే ఉన్న ఒసామా బిన్ లాడెన్ హత్యకు గురయ్యాడన్నట్టు ఆమె మాట్లాడితే, అదేమిటని అడగకుండా ఆయన ముందుకు సాగిపోయారు.

పాతపత్రిక:
భుట్టో విషయంలో మీ విమర్శ న్యాయమైనది, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఫ్రాస్ట్ ఎప్పుడూ మెత్తగానే ఉన్నారన్నది మాత్రం సరికాదు. బ్రిటన్‌లో ఒక బీమా సంస్థ కుప్పకూలి వేలాది వాహనదారులు నష్టపోయాక, 1967లో దాని అధిపతి ఎమిల్ సవుంద్రాను బాధితుల ఎదుటే స్టూడియోలో నిలదీశారు. అప్పుడు డబ్బు గురించి కాదు, టెలివిజనే విచారణ జరిపేస్తోందని అభ్యంతరం వచ్చింది, అప్పీలు న్యాయస్థానం కూడా ఆ ధోరణిని తప్పుపట్టింది. ఆ అభ్యంతరం నాకు బలమైనదిగానే తోస్తుంది, ఎందుకంటే సవుంద్రాపై కోర్టు విచారణ అప్పటికి ఇంకా జరగవలసి ఉంది. నిక్సన్ విషయంలో ఆ ప్రమాదం లేదు. కనుక ఈ రెంటిలో పాత్రికేయ ధర్మాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది డబ్బివ్వని 1967 నాటి ఇంటర్వ్యూయే అని నా అభిప్రాయం.