మంచు పడే ఊళ్లో అరటి: తవ్వాలా, కప్పాలా?

టెక్కలి తోట:
మా అక్కావాళ్లు చికాగో దగ్గర ఉంటున్నారు. పెరట్లో డ్వార్ఫ్ కావెండిష్ అరటి వేశారు, నాలుగడుగులు పెరిగింది. ఇప్పుడు రాత్రుళ్లు 8 డిగ్రీలు. నేలలోనే ఉంచి కప్పేయాలా, తవ్వి లోపల పెట్టాలా? ఈసారి ఇక్కణ్నుంచి మన పిలకలు పంపిద్దామని కూడా ఉంది.

బొబ్బిలి నర్సరీ:
కావెండిష్ అయితే తవ్వేయమనండి, ఆలస్యం వద్దు. సుమారు 14 డిగ్రీల కింద కొత్తాకు రావడం దాదాపు ఆగిపోతుంది, మంచు పడితే ఆకు మాడుతుంది, నేల గడ్డకడితే దుంపే పోతుంది. అక్కడ ఆరుబయట చలికాలం దాటగలిగేది బస్జూ రకం. అదీ దుంప మీద అడుగు మందాన ఎండుటాకులు పోసి, పైన వాన దిగకుండా కప్పితేనే. దాని కాయ మాత్రం తినడానికి పనికిరాదు.

కాండానికి అడుగు దూరంలో చుట్టూ పార దింపి దుంపతో సహా లేపాలి. మొవ్వు ఉంచి మిగతా ఆకులు కోసేయాలి. మట్టి దులిపి, ఒకట్రెండు రోజులు తలకిందులుగా ఆనించి డొప్పల్లో నీరు కారనివ్వాలి. తర్వాత దుంపకి గోనెసంచి చుట్టి, 7–10 డిగ్రీలుండే చీకటి బేస్‌మెంట్‌లో పెట్టాలి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ చేరి కుళ్లుతుంది. లోపల పెట్టాక చలికన్నా చెమ్మే ఎక్కువ చెట్లని తినేస్తుంది. నెలకోసారి మొదలు నొక్కి చూడాలి. మెత్తబడి వాసనొస్తే తెల్లటి గట్టి కండ తగిలేదాకా కోసేయొచ్చు. కాండం పోయినా దుంప గట్టిగా ఉంటే పిలక వస్తుంది.

గజపతినగరం:
పై పద్ధతి చెట్టు బతకడానికి సరే. గెల కావాలంటే నేను కుండీ అంటాను. కావెండిష్ పువ్వు వేయాలంటే సుమారు 30–40 ఆకులు రావాలి. మంచి వేడిలో వారం పది రోజులకో ఆకు. అంటే అక్కడి అయిదు నెలల ఎండాకాలంలో మహా అయితే ఇరవై. అందుకే అదే కాండాన్ని రెండు మూడు ఎండాకాలాలు నిలబెట్టుకోవాలి. చిన్నప్పుడు కాండం కోసినా ఫర్వాలేదు, పెరిగే మొన దుంప దగ్గరే ఉంటుంది. లోపల దవ్వ పైకి లేచాక కోస్తే మాత్రం ఆ కాండానికి ఇక గెల లేదు.

కుండీ దక్షిణం కిటికీ దగ్గర పెట్టి, పైమట్టి రెండంగుళాలు ఆరాకే నీళ్లు పోయాలి. హీటరు గాలికి ఎర్రనల్లి పడుతుంది, వారానికోసారి ఆకు అడుగున తడిగుడ్డతో తుడవాలి.

రాజాం:
పిలకల ఆలోచన మానుకోండి. పర్మిటూ, మొక్కకి తెగుళ్లు లేవనే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టూ లేకుండా అమెరికా ఎయిర్‌పోర్టులో దించనివ్వరు. పిలకతో బంచీటాప్ (ఆకులు గుబురుగా ముడుచుకుపోయే తెగులు) వైరస్ కూడా వెళ్లొచ్చు మరి. పైగా మన రకాలకి చలి తట్టుకునే గుణమెక్కడిది? ఇక్కడే చలి గట్టిగా ఉన్న జనవరిలో పువ్వు వేసిన చెట్టుకి గెల పూర్తిగా బయటికి రాక కాండం గొంతులోనే ఇరుక్కుంటుంది.

టెక్కలి తోట:
ధన్యవాదాలండీ. మళ్లీ నేలలో ఎప్పుడు పెట్టమంటారు?

బొబ్బిలి నర్సరీ:
మే రెండో సగం. రాత్రి 12 డిగ్రీలు దాటాక. ముందు వారం పది రోజులు నీడలో ఉంచండి, ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు తెల్లగా కాలిపోతుంది.