పెళ్లి చట్టం లేని జంటకు ఏ కాగితం నిలుస్తుంది, ఏది నిలవదు?

అమలాపురం_పీఎల్‌వీ (ప్రశ్న)

కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని పారా లీగల్ వాలంటీర్ల కోసం ఒక నోటు తయారవుతోందండి. ఇద్దరు ఆడవాళ్ళు గానీ ఇద్దరు మగవాళ్ళు గానీ ఒకే ఇంట్లో జంటగా బతుకుతున్నప్పుడు వాళ్ళకు ఏ హక్కు ఉంది, ఏది లేదు, ఏ కాగితం రాసుకోవాలి అన్నది అందులో స్పష్టంగా ఉండాలి.

ఉదాహరణకు ఇలా అనుకోండి. పాలకొల్లు దగ్గర నలభై ఏళ్ల వయసున్న ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరి పేరున 70 సెంట్ల కొబ్బరి తోట, ఊళ్ళో డాబా, బ్యాంకులో డిపాజిట్లు, ఒక జీవిత బీమా పాలసీ, ఉద్యోగం తాలూకు పీఎఫ్ ఉన్నాయి. రెండో ఆమె పేరున ఏమీ లేదు. మొదటి ఆమెకు ఏమైనా అయితే రెండో ఆమెను ఆ ఇంట్లోంచి లేవమనే వీలు ఉండకూడదు. ఆసుపత్రిలో పడితే సంతకం ఎవరు పెడతారన్నదీ తేలాలి. "జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించేసుకుంటే సరిపోతుంది" అని చాలామంది అంటున్నారు. నిజంగా సరిపోతుందా? ఇంకొకటి: పార్లమెంటు చేయకపోతే మన శాసనసభ ఈ విషయంలో చట్టం చేయగలదా?

రాజమండ్రి_వకీలు

జీపీఏ చాలదు. నోటులో మొదటి పేజీలోనే ఈ మాట పెద్ద అక్షరాలతో వేయండి. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, రాసిచ్చిన మనిషి చనిపోయినా మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. అంటే సరిగ్గా అవసరం పడే రోజునే అది పనికిరాదు. మనిషి బాగున్నంతకాలం తోట కౌలుకి ఇవ్వడానికో ఆఫీసు పనులు చూడడానికో పనికొస్తుంది, అంతే.

ఇక చట్టం సంగతి. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ తీర్పుతో, ఒకే లింగానికి చెందిన మేజర్లు ఇష్టపడి లైంగిక సంబంధంలో ఉండడం నేరం కాకుండా పోయింది. 2023 అక్టోబరు 17న, స్వలింగ జంటల పెళ్లిని గుర్తించమన్న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదనీ, 1954 ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయలేదనీ చెప్పింది. రివ్యూ పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు. కాబట్టి ఇద్దరు ఆడవాళ్ళ పెళ్లిని నేటికి ఏ రిజిస్ట్రారూ నమోదు చేయడు. గుళ్ళో తాళి కట్టినా, నోటరీ దగ్గర "వివాహ ఒప్పందం" రాసుకున్నా దానివల్ల భార్యాభర్తల హోదా రాదు. అలాంటి కాగితానికి డబ్బులు పెట్టవద్దని నోటులో రాయండి.

అదే తీర్పులో జనం మరిచిపోయే భాగం ఒకటుంది. ట్రాన్స్ మహిళ పురుషుణ్ణి, ట్రాన్స్ పురుషుడు స్త్రీని ఇప్పుడున్న వివాహ చట్టాల కిందే పెళ్లాడవచ్చని అయిదుగురూ ఒప్పుకున్నారు. అలా పెళ్లయిన ట్రాన్స్ మహిళ అత్తింటి వేధింపుల మీద పాత ఐపీసీ 498ఎ కింద ఫిర్యాదు చేయవచ్చని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది.

ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇంటివాళ్ళు పట్టుకుపోవడం. మేజరయిన మనిషిని పుట్టింటివాళ్ళు బంధిస్తే భాగస్వామి హైకోర్టులో హెబియస్ కార్పస్ (ఆ మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషను) వేయవచ్చు. 2024 డిసెంబరులో విజయవాడ జంట విషయంలో మన హైకోర్టు ఆ అమ్మాయిని తన ఇష్టప్రకారం భాగస్వామితో వెళ్ళనిచ్చింది, తల్లిదండ్రులు అడ్డుపడవద్దంది. అదే ఏడాది మార్చి 11న దేవు జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు దగ్గర పెట్టుకోండి: జడ్జి ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడాలి, కుటుంబం ఒత్తిడి లేకుండా చూడాలి, మనసు మార్చే కౌన్సెలింగ్‌కి పంపకూడదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం వస్తుంది, న్యాయసేవల హెల్ప్‌లైను 15100కి ఫోను చేయాలి. వయసు రుజువు, "నా ఇష్టంతోనే ఉంటున్నాను" అని స్వదస్తూరీతో రాసిన కాగితం ఇంట్లో కాకుండా నమ్మకస్తుల దగ్గర ఒక కాపీ ఉంచాలి. లాక్కుపోయినప్పుడు ఫోనూ ఆధారూ కూడా వాళ్ళతోనే పోతాయి.

దస్తావేజు_భీమవరం

ఆస్తి సంగతి నేను చెబుతానండి. హిందూ వారసత్వ చట్టంలో భాగస్వామి ఏ తరగతి వారసుల్లోనూ లేదు. వీలునామా లేకుండా ఆవిడ పోతే తోటా డాబా పుట్టింటివాళ్ళకి వెళ్తాయి. కనుక మొదటి పని వీలునామా.

తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. అయినా రిజిస్టరు చేయించండి. "ఆ సంతకం ఆవిడది కాదు" అనే వాదన బలహీనపడుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి, ఇద్దరి ఎదుటా సంతకం జరగాలి. తర్వాత కోర్టుకెళ్తే వాళ్ళలో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి కాబట్టి డెబ్భై ఏళ్ల పెద్దమనుషుల్ని కాకుండా ముప్ఫై, నలభై ఏళ్ల వాళ్ళని పెట్టండి. వీలైతే ఒకరు డాక్టరయితే మేలు, ఆ రోజుకి ఆవిడ తెలివితో ఉందని చెప్పగలడు.

వీలునామాలు ఎక్కడ ఓడిపోతాయో చెబుతాను. ఆస్తి పొందే మనిషే లేఖరి దగ్గరికి తీసుకొచ్చి, ఫీజు కట్టి, పక్కన నిలబడితే కోర్టు అనుమానంగా చూస్తుంది. 1958లో వేంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. భాగస్వామి ఆ రోజు ఆఫీసు ఛాయలకే రాకపోవడం మంచిది. సాక్షిగా అసలే వద్దు. క్రైస్తవులైతే ఇది మరీ ముఖ్యం: సాక్షికి గానీ సాక్షి భార్యకో భర్తకో గానీ రాసింది భారత వారసత్వ చట్టం 67వ సెక్షను కింద చెల్లదు. ముస్లింలు వారసుల ఒప్పుదల లేకుండా మూడోవంతుకి మించి వీలునామా రాయలేరు. తల్లినీ అన్నదమ్ముల్నీ ఎందుకు కాదన్నారో ఒక్క వాక్యం రాయించండి. "నన్ను ఇన్నేళ్లుగా చూసుకుంటున్నది ఈమె" అంటే చాలు, తిట్లు అక్కర్లేదు.

ఇప్పుడు తోట. స్వార్జితమా, పిత్రార్జితమా చూడాలి. ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకూ వీలునామా రాయవచ్చు గానీ హద్దులు తేలకపోతే రెండో ఆవిడకి మిగిలేది పార్టిషను దావాయే. ముందే పంపకం జరిగి, రెవెన్యూ రికార్డు 1-బిలో ఆవిడ పేరు ఎక్కి, పాస్‌బుక్ వచ్చి ఉంటే సగం యుద్ధం గెలిచినట్టే. లంక భూమి, డి-పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అయితే రిజిస్ట్రేషను చేయకూడని 22ఎ నిషిద్ధ జాబితాలో సర్వే నెంబరు ఉందేమో చూడకుండా ఏమీ రాయకండి. డాబా గ్రామకంఠంలో ఉంటే లింకు డాక్యుమెంట్లు (పాత యాజమాన్య దస్తావేజులు) ఉండవు. ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు పాతవన్నీ జత చేయాలి. కాలవగట్టు పోరంబోకు మీద ఇల్లయితే యాజమాన్యమే లేదు, స్వాధీనం తప్ప రాయడానికేమీ ఉండదు.

"ఇప్పుడే దానపట్టా రాసేస్తే పోలేదా" అంటారు. రెండు చిక్కులు. కుటుంబసభ్యులకుండే తక్కువ స్టాంపు డ్యూటీ వీళ్ళకి రాదు. ఆదాయపన్ను చట్టం దృష్టిలో భాగస్వామి బంధువు కాదు, కాబట్టి ఉచితంగా వచ్చిన స్థిరాస్తి స్టాంపు విలువ 50,000 రూపాయలు దాటితే ఆ విలువంతా పుచ్చుకున్నావిడ ఆదాయం కింద లెక్క. వీలునామా ద్వారా వస్తే ఆ పన్ను లేదు.

కొత్తగా కొనేటప్పుడు ఇద్దరి పేర్లూ పెట్టి, ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించి, ఎవరి సొమ్ము వాళ్ళ ఖాతాలోంచే పంపాలి. ఒకరి డబ్బుతో రెండోవారి పేరున కొనవద్దు. బినామీ నిషేధ చట్టంలో భార్యకీ భర్తకీ ఉన్న మినహాయింపు వీళ్ళకి లేదు, ఆస్తి జప్తు కావచ్చు, శిక్ష ఏడాది నుంచి ఏడేళ్లు.

డిపాజిట్ల_కౌంటరు

బ్యాంకు వైపు పరిస్థితి కాస్త నయం. ఉమ్మడి ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టడానికీ ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది, రిజర్వు బ్యాంకు అంతకు వారం ముందే బ్యాంకులకు రాసింది. కౌంటరులో "బంధుత్వం ఏమిటి" అని ఆగిపోతే ఆ ప్రకటన ప్రింటు చూపించండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను, ఎవరికెంత శాతమో చెప్పి పెట్టుకోవచ్చు. లాకరుకయితే ఒకరి తర్వాత ఒకరన్న వరుసే.

కానీ నామినీ అంటే సొంతదారు కాదు. డబ్బు చేతికి అందుతుంది, అసలు వారసులు తర్వాత దావా వేయవచ్చు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులోనూ ఇదే చెప్పింది. అందుకే వీలునామాలో ఖాతాలూ డిపాజిట్లూ కూడా రాయాలి. బీమా పాలసీలో "లబ్ధిదారు నామినీ" (డబ్బు తనదే అయ్యే నామినీ) హోదా తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలకే ఉంది, కనుక పాలసీ నెంబరూ వీలునామాలోకి ఎక్కాలి. పీఎఫ్ అన్నిటికన్నా కష్టం. సభ్యురాలి మీద ఆధారపడ్డ తల్లో తండ్రో ఉంటే చట్టం దృష్టిలో ఆమెకు కుటుంబం ఉన్నట్టే, అప్పుడు బయటివాళ్ళ పేరున వేసిన నామినేషను చెల్లదు. అలాంటివారు లేనప్పుడే భాగస్వామి పేరు నిలుస్తుంది.

బియ్యం కార్డు సంగతి కూడా అడుగుతారు. ఇలాంటి క్వీర్ జంటను ఒకే కుటుంబంగా లెక్కించాలని కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు సూచించింది. గ్రామ సచివాలయంలో నోటిమాటగా కాకుండా అర్జీ రాసి, రశీదు తీసుకోమనండి.

అమలాపురం_పీఎల్‌వీ

చాలా ఉపయోగపడిందండి. ఆసుపత్రి సంగతి, శాసనసభ సంగతి ఇంకా మిగిలాయి.

కాకినాడ_వార్డు

ఆసుపత్రిలో మనిషికి స్పృహ ఉంటే తన సంతకమే చాలు. స్పృహ లేదు, ప్రాణం మీదికొచ్చింది అంటే ఎవరి సంతకం కోసమూ ఆగకుండా వైద్యం చేయాలి. మధ్యలోని స్థితికే చిక్కు. వరసగా ఎవరిని అడగాలో చెప్పే చట్టం మన దగ్గర సాధారణ వైద్యానికి లేదు, అలవాటుగా రక్తసంబంధీకుల్ని పిలుస్తారు. చేరేటప్పుడే అడ్మిషను ఫారంలో "అటెండరు", "ఎవరికి తెలియజేయాలి" అన్నచోట భాగస్వామి పేరు స్వయంగా రాయాలి. నయం కాని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో చెప్పే ముందస్తు వైద్య ఆదేశం (లివింగ్ విల్) రాసుకోవచ్చు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు, జడ్జి దగ్గరికి వెళ్ళక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ చేయించుకోనిది ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 14వ సెక్షను కింద తెల్లకాగితం మీద సంతకం చేసి ఎవరినైనా "నామినేటెడ్ ప్రతినిధి"గా పెట్టుకోవచ్చు. రోగి ఒప్పుకోకపోయినా చేర్చే 89వ సెక్షను అడ్మిషనుకి దరఖాస్తు పెట్టాల్సింది ఆ ప్రతినిధే. ఎవరినీ పెట్టకపోతే వరసలో బంధువులు ముందుకొస్తారు. "జబ్బు నయం చేయించాలి" అని ఇంటివాళ్ళు పట్టుకెళ్ళే కేసుల్లో ఆ ఒక్క కాగితం ఎంత కాపాడుతుందో చెప్పలేను. ఈ "నయం చేయడాన్ని" వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషను 2022లోనే ప్రకటించింది. అలా చేసే డాక్టరు మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు.

రాజమండ్రి_వకీలు

శాసనసభ చేయగలదు. పెళ్లి, విడాకులు, దత్తత, వీలునామాలు, వారసత్వం అన్నీ, కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని 5వ అంశంలోనే ఉన్నాయి. కేంద్ర చట్టంతో పొసగని చోట రాజ్యాంగం 254(2) కింద రాష్ట్రపతి ఆమోదం పొందితే రాష్ట్ర చట్టం ఇక్కడ చెల్లుతుంది.

ఇది పుస్తకాల్లో మాట కాదు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చిన సవరణ ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ 5వ అంశం కిందే చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలు. పార్లమెంటు ఆ పని దేశమంతటికీ చేసింది 2005లో. ఈ డెల్టాలో ఎన్ని పొలాల పంపకాలు, ఆ సవరణ హిందూ వారసత్వ చట్టంలో చేర్చిన 29ఎ సెక్షను మీద జరిగాయో దస్తావేజు గారికి తెలుసు. తమిళనాడు 1967లో పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు హిందూ వివాహ చట్టంలో 7ఎ చేర్చింది. కాబట్టి "పెళ్లి కేంద్రం చూసుకోవాల్సింది" అని ఏ ఎమ్మెల్యే అన్నా ఈ రెండూ ముందు పెట్టండి.

పెళ్లి దాకా వెళ్ళకుండా, ఇద్దరు మేజర్లు తమ సహజీవనాన్ని నమోదు చేసుకునే దస్తావేజు ఒకటి పెట్టమని మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేష్ 2023 నవంబరులో తమిళనాడుకి సూచించారు. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదని అదే హైకోర్టు 2025 మేలో అంది. అలాంటి నమోదు ఇక్కడ వస్తే ఆసుపత్రి, బియ్యం కార్డు, అద్దె ఇల్లు మూడింటికీ ఒకే కాగితం చూపించవచ్చు.

కొత్త చట్టం అక్కర్లేనివీ ఉన్నాయి. భాగస్వామికి ఆస్తి రాసిచ్చే సెటిల్‌మెంటు దస్తావేజు మీద డ్యూటీని కుటుంబ రేటుకి దించడానికి స్టాంపు చట్టం 9వ సెక్షను కింద గెజిట్‌లో ఉత్తర్వు చాలు. ప్రైవేటు ఆసుపత్రుల నమోదు చట్టం, 2002 రాష్ట్రానిదే, రోగి పేర్కొన్న మనిషిని గుర్తించాలన్న నిబంధన అందులో చేర్చవచ్చు. ఎమ్మెల్యేకిచ్చే వినతిపత్రంలో వీటిని ముందు పెట్టి, పెళ్లి చట్టాన్ని తర్వాత రాయమంటాను. పెళ్లి హక్కు తక్కువదని కాదు. డ్యూటీ, ఆసుపత్రి నిబంధన రెండూ ఒక్క ఏడాదిలో అయ్యే పనులు, రేపు ఆసుపత్రిలో పడే మనిషికి అప్పుడే కావాలి.

దస్తావేజు_భీమవరం

ఒకటి మరిచానండి. పాత వీలునామా ఏదైనా ఉంటే కొత్తదాంట్లో దాని తేదీ, నెంబరు వేసి రద్దు చేసినట్టు రాయించండి. చివరిదే చెల్లుతుంది, పాతది రిజిస్టరయి కొత్తది కాకపోయినా సరే. వీలునామాని బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, దానపట్టా రిజిస్టరయ్యాక తిరిగి తీసుకోవడం కష్టం. జంట విడిపోయే రోజు వస్తే ఆ తేడా తెలుస్తుంది. ఒరిజినల్ ఇంట్లో బీరువాలో పెట్టకుండా సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేయవచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షను. అలా కవరులో పెట్టినా, ఎక్కడుందో భాగస్వామికి ఒక చీటీ రాసిపెట్టాలి.